మందుగుండు: గోదావరి మన్యపు వేటలో సీసపు గుండు

తెలుగున మందుగుండు అను సమాసము ద్వంద్వము. మందును గుండును అని విగ్రహము. నేడు ఈ మాటను విన్నవారిలో పెక్కుమందికి దీపావళి సామగ్రియో, పోలీసులు పట్టుకొన్న వస్తువుల జాబితాయో స్ఫురించును గాని, రెండు వేర్వేరు వస్తువుల కూడిక స్ఫురింపదు. ఈ మాట పుట్టిన కాలమున ఆ రెండును నిజముగా వేర్వేరు వస్తువులే. మందు కొమ్ములో నుండెడిది, గుండు సంచిలో నుండెడిది. తుపాకి గొట్టములో వాటిని ఒకదానివెంట నొకటి కూర్చుట వేటకాని చేతిపని. తరువాత తూటా వచ్చినది. ఆ చేతిపని యంత్రాగారమునకు తరలిపోయినది. మాట మాత్రము పాతదే నిలిచినది.

గోదావరి మన్యమున దుప్పిని, కణుజును కొట్టుటకు సీసపు గుండును పోతపోసి దానికి తగిన మందును నిర్ణయించుకొను విద్య ఎట్టిది, ఆ విద్యకు కావలసిన ద్రవ్యములు ఎవరి అధీనమున నుండెను, ఆ అధీనము మారినప్పుడు ఏమి జరిగెను అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింప దలచినాను. ఇది వినోదచరిత్ర యని కొట్టివేయదగినది కాదు. 1922-24 నాటి మన్యపు తిరుగుబాటును గూర్చి వ్రాయువారు చేజిక్కిన తుపాకుల లెక్క చెప్పి అంతటితో ఆగుదురు. మందుగుండు లేని తుపాకి దుడ్డుకఱ్ఱకంటె ఎక్కువ కాదు. తుపాకిని గాక దానిలో పడు వస్తువును లెక్కింపగా ఆ తిరుగుబాటు కథ కొంత వేరుగా కనబడుచున్నది.

మండపేట, రామచంద్రపురము ప్రాంతములనుండి రంపచోడవరము అడవులు నూరు కిలోమీటర్లలోపుననే యున్నవి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా అంతయు కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు అయి అడవి మృగమునకు చోటు లేకపోయెను. అయినను వేట అను మాట ఇక్కడినుండి పోలేదు. మండపేట సంతలో నేటికిని వేటమాంసము అనగా మేకమాంసము, పొట్టేలి మాంసము. బలికిచ్చు మేకపోతును వేట యనుట తెలుగునాట పలుచోట్ల కలదు. తమిళమున వేట్టై, కన్నడమున బేటె అనునవి ఈ మాటకు తోబుట్టువులు. అడవిలో తరిమి కొట్టిన జంతువు పేరు అంగడిలో కట్టివేసిన జంతువునకు దిగివచ్చుట భాషాచరిత్రలో అరుదు కాదు గాని, అడవి కనుమరుగైన డెల్టాలో ఈ ప్రయోగము ఇంత గట్టిగా నాటుకొనుట నాకు ప్రత్యేకముగా తోచుచున్నది.

వేటకు సంబంధించిన ధర్మచర్చ మన భాషలో తొలికావ్యమునందే కలదు. రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమున పాండురాజు వేట వచ్చును. మృగరూపమున జతగూడియున్న కిందమమునిని రాజు అమ్ములతో నేసెను. ఆ మృగము రాజును నిందించుచు పలికిన మాటల సారాంశము గమనింపదగినది. పరుగెత్తలేనివి, జతగూడియున్నవి, ఈనుచున్నవి, తెవులు గొన్నవి యగు మృగములను అడవిలో వేటయే బ్రతుకుదెరువుగా గల ఎఱుకులు సైతము కొట్టరు, క్షత్రియుడవగు నీవు కొట్టితివి అని ఆ నింద. కావ్యములందలి వేటలను రాజవిలాసములుగానే చదువు అలవాటు మనకు గలదు. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటయు, ధూర్జటి కాళహస్తిమాహాత్మ్యమున తిన్నని వేటయు వర్ణనలకొఱకే చెప్పుకొనుచుందురు. కాని ఆ వర్ణనలలో జాగిలములు, వలలు, ఉరులు, దీమపులేళ్లు మొదలగు పరికరముల పట్టిక ఎంత నిశితముగా నున్నదో చూచినచో, కవులకు ఎఱుకల నోటి మాటలు తెలియుననుటకు సందేహముండదు. దీమము అనగా అడవిమృగములను ఆకర్షించుటకు వాడు పెంపుడు మృగము. ఇట్టి మాటకు సంస్కృతమునుండి అరువు తెచ్చుకొనవలసిన పని లేకపోయెను.

మృగనామముల విషయమున ఒక్కమాట. ఇఱ్ఱి యనగా నల్లజింకలో మగది, లేడి దానిలో ఆడుది. దుప్పి వేరు, కణుజు వేరు, కొండగొఱ్ఱె వేరు, మనుబోతు వేరు. మద్రాసు సైన్యమున వైద్యుడుగానుండిన జెర్డన్ 1867లో ప్రకటించిన భారతదేశపు క్షీరదముల గ్రంథమున తెలుగు పేర్లను చేర్చుటకు పూనుకొనెను. నేడు మనవారు అన్నిటిని కలిపి జింక అనుచున్నారు. ఆంధ్రప్రదేశ్ రాజ్యమృగము కృష్ణజింక, తెలంగాణ రాజ్యమృగము జింక. రెండవది నిజమునకు చుక్కల దుప్పి. వేట పోవుటతో పేర్లలోని వివేకముకూడ పోయినది. గుండు బరువును, మందు కొలతను నిర్ణయించునది మృగము శరీరబలము గనుక వేటకానికి ఈ భేదము నిఘంటువిషయము కాదు. మగకణుజు రెండు దుప్పులకు మించి తూగును.

ఇక తుపాకి. ఈ మాట తురుష్కభాషనుండి పారసీకము మీదుగా మనకు వచ్చినది. తూపు అను తెలుగు మాటతో దీనిని ముడివెట్టుట చెవికింపుగానుండును గాని నిలువదు. ఫిరంగి అనునది ఐరోపావాసుల జాతినామమే ఆయుధనామమైనది. సురేకారమున మొదటి భాగము పారసీకపు శోరా. తూటా హిందూస్థానీ తోటా. ఇట్లు పరికరములన్నియు పరాయి పేర్లతో రాగా, మందు, గుండు అను రెండు మాటలు మాత్రము అచ్చతెలుగువి. మందు అను మాట ఔషధమునకు, పేలుడు పొడికి సమానముగా చెల్లుట తెలుగునకే ప్రత్యేకము కాదు. తమిళమున మరుందు, కన్నడమున మద్దు, మలయాళమున మరున్ను ఈ రెండర్థములను మోయుచున్నవి. దక్షిణదేశమంతటను ఈ పొడిని మొదట చూచినవారు దానిని వైద్యుని కల్వములో నూరిన చూర్ణముతో పోల్చిరనుట సమంజసము. గంధకము అప్పటికే వైద్యద్రవ్యము గదా.

క్రియలో వచ్చిన మార్పు ఇంకను ముఖ్యము. అమ్మును ఏయుట తెలుగు నుడి. తుపాకిని కాల్చుట, పేల్చుట. ఏయు ధాతువు వ్యవహారమునుండి దాదాపు జారిపోయినది. ఏయుటలో విలుకాని భుజబలము కలదు, కాల్చుటలో మందునకు నిప్పంటుకొనుట తప్ప మఱేమియు లేదు. ఒకరి కండ బలముపై నడచిన పని ఇప్పుడు ఒక పొడి గుణముపై ఆధారపడినదని భాష దానంతట అదియే చెప్పుచున్నది.

ప్రాచీన హిందువులకు తుపాకి తెలియునను వాదమును ఇక్కడ తడవకుండుటకు వీలులేదు, ఏలయన ఆ వాదము బలపడినది మద్రాసుననే. ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుడుగానుండిన గుస్తావ్ ఆపర్ట్ 1880లో ప్రాచీన హిందువుల ఆయుధములపై గ్రంథము ప్రకటించి, 1882లో శుక్రనీతిసారమును పరిష్కరించెను. శుక్రనీతిలో నాళికము అను గొట్టపు ఆయుధము, అగ్నిచూర్ణము వర్ణింపబడినవి. అయిదు పాళ్లు సురేకారము, ఒక పాలు గంధకము, ఒక పాలు జిల్లేడు, జెముడు మొదలగు మొక్కల బొగ్గు అని దానిలోని ఒక యోగము. లెక్కకట్టినచో సురేకారము నూటికి డెబ్బదియొకటి. ఐరోపాలో స్థిరపడిన పాళ్లు డెబ్బదియైదు, పదునైదు, పది. ఈ దగ్గఱితనమే ఆపర్టునకు ప్రాచీనతకు సాక్ష్యముగా తోచెను. నాకు అదియే అర్వాచీనతకు సాక్ష్యముగా తోచుచున్నది. తొలినాటి యోగములలో సురేకారపు పాలు ఎచ్చటను ఇంత నిలకడగా లేదు. శతాబ్దముల ప్రయోగముల పిమ్మటనే లోకము ఈ కొలతకు వచ్చినది. 1962లో లల్లన్‌జీ గోపాల్ శుక్రనీతి పందొమ్మిదవ శతాబ్ది రచన యని వాదించెను. ఆయన నిర్ణయించిన కాలమును అంగీకరింపనివారు సైతము ఆ గ్రంథమును వైదికకాలమునకు నెట్టుటకు నేడు సాహసింపరు. పి. కె. గోడే బాణసంచా చరిత్రపై చేసిన కృషి ఈ విషయమున ఆదర్శప్రాయము. అభిమానము నెక్కడను చొరనీయక, దొరకిన ప్రతి ప్రమాణమునకు కాలము నిర్ణయించిన తరువాతనే ఆయన మాటాడెను. 1443లో విజయనగరమునకు వచ్చిన అబ్దుర్ రజాక్ మహానవమి ఉత్సవములలో బాణసంచాను చూచెనన్నది గట్టి ఆధారము. మన బాణసంచా అను మాటలో అమ్మునకు పేరైన బాణము నిప్పుతో ఎగురు వస్తువునకు పేరగుట ఆ సంధికాలపు గుర్తు.

మందునకు కావలసిన మూడింటిలో బొగ్గు అడవిలో దొరకును. సురేకారము పశువుల కొట్టముల మట్టిలో, పాతగోడల మొదట ఉబికిన చౌడులో పుట్టును. ఆ మట్టిని కడిగి వండి తీయు పని ఎఱిగినవారు పల్లెలలో నుండిరి. గంధకము మాత్రము వర్తకుని యొద్ద కొనవలసినదే. సీసము సంగతియు అట్టిదే. ఆంధ్రదేశమునకు సీసము కొత్త కాదు. శాతవాహనుల సీసపు నాణెములు కృష్ణా గోదావరీ మండలములలో విరివిగా దొరకినవి. వినుకొండ ప్రాంతపు అగ్నిగుండాలలో పూర్వులు త్రవ్విన గోతుల జాడలున్నవి. కాని ఐరోపా కంపెనీల కాలమునకు సీసము ఓడలపై దిగు సరకైనది. ఇంగ్లీషు కంపెనీ మన దేశపు రేవులకు తెచ్చిన వస్తువులలో ఉన్నిబట్టతోపాటు సీసము నుండెను. తీసికొనిపోయిన వస్తువులలో సురేకారము ముఖ్యము. అనగా మందు ఇక్కడినుండి పోవుచు, గుండు అక్కడినుండి వచ్చుచుండెను. రేవునుండి డెల్టా ఊళ్లకు, అక్కడినుండి మన్యపు అంచు సంతలకు సీసము చేరవలెను. చింతపండు, కుంకుడుకాయ, అడ్డాకులు దిగివచ్చు త్రోవయే ఉప్పు, బట్ట ఎక్కిపోవు త్రోవ. సీసమునకు వేఱు త్రోవ లేదు. కొండరెడ్డికి విల్లు తన అడవిలోనిది, వెదురు బద్దతో కట్టిన నారియు అడవిలోనిదే. తుపాకి చేపట్టిన దినమున అతడు మైదానపు అంగడికి ఋణపడెను. ఈ ఒక్క విషయము తరువాతి కథ కంతటికి మూలము.

గుండు పోయుట చూచుటకు సులభము. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికే కరగును. వంటపొయ్యి చాలును. రెండు బద్దల అచ్చును మూసి, పై బెజ్జమునుండి కరగిన లోహమును పోసి, గట్టిపడిన వెనుక విప్పి, బెజ్జమున మిగిలిన తోకను కత్తిరింపవలెను. అచ్చు చల్లగానున్నచో గుండు ముడుతలు పడును. లోహముపై తేలిన మష్టును తీయనిచో గుండులో మలినము చేరి ఒక ప్రక్క తేలికయగును. అట్టి గుండు సూటిగా పోదు. కొలిచి చూచుటకు చక్కని ఉపాయము తూకమే. ఒక్క అచ్చున పోసిన గుండ్లన్నియు సమానముగా తూగవలెను, తక్కువ తూగినది లోపల బుడగ గలది గనుక తిరిగి కరగింపవలసినదే. తుపాకి గొట్టపు వెడల్పును చెప్పు ఇంగ్లీషు పద్ధతియే ఈ పోతపనినుండి పుట్టినది. పౌను సీసమునకు సమానమగు పండ్రెండు గుండ్లు పోయగా ఒక్కొక్కటి పట్టు గొట్టము పండ్రెండవ బోరు. అట్టి గుండు 37.8 గ్రాములు, మన తూకమున మూడు తులములు దాటును. అడ్డుకొలత పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. పదునారవ బోరు గుండు సరిగా ఒక ఔన్సు. నేటికిని దుకాణమున తుపాకి కొనువాడు తన కెఱుకలేకయే సీసపు తూకము చెప్పుచున్నాడు.

గొట్టముకంటె గుండు కొంచెము చిన్నదిగా నుండవలెను, లేనిచో మసిపట్టిన గొట్టములో దిగదు. చిన్నదైనచో మంట ప్రక్కనుండి జారిపోవును. ఈ సందును పూడ్చుటకు నూనెగుడ్డయో, మైనము పట్టించిన తోలుముక్కయో గుండుచుట్టు చుట్టుదురు. మన ప్రాంతమున కొబ్బరిపీచు ఈ పనికి వచ్చినది. మందుపై పీచును గజముతో దిమ్మించి, గుండు వేసి, అది దొరలిపోకుండ మఱల కొంత పీచు క్రుక్కుదురు. కొవ్వు, మైనము వంటి స్నిగ్ధద్రవ్యము లేక సీసపు గుండు నడువదు. సీసము గొట్టపు గోడకు రాచుకొని పొరగా అంటుకొనును. ఈ జిడ్డు ప్రశ్నయే 1857లో దేశమును కుదిపినది. ఎన్‌ఫీల్డు తుపాకి కాగితపు తూటాకు పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానము సిపాయీలలో రేగినది. వేటకాడు తన తేనెమైనమును తాను పూసికొనును గనుక అతనికి అట్టి సంశయము లేదు. ఒకరు కూర్చిన తూటాను వేఱొకరు నోట కొఱకవలసి వచ్చినప్పుడే ఆ ప్రశ్న పుట్టును.

మందు కొలత వేళ్లతో చెప్పుట నాటువేటకాండ్ర పద్ధతి. గజమును గొట్టములోనికి దింపగా పైకి నిలిచిన భాగమును వ్రేళ్లతో కొలిచి, ఇన్ని వ్రేళ్ల మందు అందురు. మందు చేతితో నూరినది గనుక ఒకసారి నూరినదానికి మఱియొకసారి నూరినదానికి బలమున భేదముండును. తేమ తగిలిన మందు మందగించును. కావున కొత్తమందు చేతికి వచ్చినప్పుడు తక్కువ కొలతతో మొదలిడి, చెట్టుబోదెపై గుఱి పెట్టి, గుండు ఎంత లోతు దిగినదో చూచి, కొంచెము కొంచెముగా పెంచుకొనుటయే క్షేమము. ఎక్కువ మందు వేసిన గుండు ఎక్కువ దూరము పోవునను భ్రమ సామాన్యమైనది. ఒక హద్దు దాటిన వెనుక గుండు చెదరును, భుజము నొచ్చును, గొట్టము చీలుట కలదు. అనుభవజ్ఞుడు పెంచుట మాని ఆ హద్దునకు క్రింద నిలుచును. ఈ నిదానమునే శాస్త్రమనవలెను. వ్రాతలో లేనంత మాత్రమున అది శాస్త్రము కాకపోదు.

లోహపు మెత్తదనము మఱియొక చిక్కు. శుద్ధసీసము గోటికి గీటుపడునంత మెత్తన. దానికి తగరము కలిపినచో అచ్చును చక్కగా నింపును, నీలాంజనము కలిపినచో గట్టిపడును. ఏనుగు, అడవిదున్న వంటి దొడ్డమృగములకు ఇంగ్లీషు వేటకాండ్రు గట్టి గుండు వాడిరి. సింహళమున వేటాడిన శామ్యూల్ బేకర్ గుండు గట్టిపడుటకు పాదరసము కలుపుటను చెప్పినాడు. దుప్పికి గట్టి గుండు పనికిరాదు. అది ఎముకను తప్పినచో శరీరమున సన్నని బెజ్జము చేసి అవతలికి పోవును, మృగము గాయముతో క్రోసులకొలది పరుగెత్తి ఎక్కడనో పొదలో చచ్చును. వేటకానికి దక్కదు, మృగమునకు బాధ తప్పదు. మెత్తని గుండు తగిలినచోటనే చదునై వెడల్పుగా దిగి త్వరగా పడవేయును. కావున లేడిజాతికి శుద్ధసీసము, లేక స్వల్పముగా తగరము కలిపిన సీసమే తగినది. ఆదిపర్వమున ఆ మృగము అడిగిన ప్రశ్నకు వేటకాడు లోహమున ఇచ్చిన సమాధానమిది యని నేననుకొందును. విచిత్రమేమనగా, 1890వ దశకమున కలకత్తా దగ్గఱి డమ్‌డమ్ ఆయుధాగారమున ఇట్లే తగిలినచోట విచ్చుకొను సైనికపు గుండును చేయగా, 1899లో హేగ్ సమావేశము దానిని యుద్ధమున వాడరాదని నిషేధించెను. మనుష్యునిపై క్రూరమనిపించుకొన్న గుణమే మృగముపై దయ యనిపించుకొన్నది. రెండు తీర్పులును సబబైనవే. వేటకాడు చంపదలచినాడు, సైనికుని పని ఎదుటివానిని పోరునుండి తొలగించుటతో తీరును.

నిప్పు పెట్టు ఉపాయము మూడు మెట్లు మారినది. మొదట నిప్పుగల ఒత్తి, తరువాత చెకుముకి, ఆపై కేపు. ఈ చివరిదానికి మూలమైన విస్ఫోటకద్రవ్యమును 1807లో హక్కుపత్రము పొంది వాడుకలోనికి తెచ్చినవాడు ఫోర్సిత్ అను స్కాట్లండు క్రైస్తవ పురోహితుడు. చెకుముకి మెఱుపును చూచి పక్షులు ఎగిరిపోవుట ఆయన బాధ. సైన్యములు మార్చుకొన్న ఆయుధరహస్యము ఒక పక్షివేటకాని విసుగునుండి పుట్టెను. కాని దీనితో వేటకానికి నాలుగవ ద్రవ్యము అవసరమైనది. ఒత్తిని అడవిలోనే పేనుకొనవచ్చును, చెకుముకిరాయి దొరకును, కేపును మాత్రము ఏ కొండరెడ్డియు చేసికొనలేడు.

పాలకులు ఈ ద్రవ్యముల కీలకమును చక్కగా గ్రహించిరి. 1857 అనంతరము 1860లో ఒక ఆయుధచట్టము, 1878లో దానికంటె గట్టిదగు మఱియొకటి వచ్చినవి. 1878 చట్టమున సైనికసామగ్రి అను మాట నిర్వచనములో సీసము, గంధకము, సురేకారము పేర్లు పెట్టి చెప్పబడినవి. సర్కారు ప్రకటించిన చోట వీటిపైనను అదుపు చెల్లును. 1884లో ప్రేలుడు పదార్థముల చట్టము మందు తయారీని, నిలువను లైసెన్సు క్రిందికి తెచ్చెను. 1882 నాటి మద్రాసు అటవీచట్టము అడవినే సర్కారుదిగా చేసెను. ఆరు సంవత్సరముల వ్యవధిలో వేటస్థలము, వేటసాధనము, ఆ సాధనపు ద్రవ్యము మూడును పరాధీనములైనవి. రంప ప్రాంతమున 1879 మార్చిలో చెలరేగిన పితూరీకి కల్లుపై పెట్టిన పన్ను, మునసబుదారు దోపిడి ముఖ్యకారణములని అందఱును ఒప్పుకొందురు. నేనును ఒప్పుకొందును. ద్వారబంధాల చంద్రయ్య 1880లో హతుడైన వెనుక ఆ అలజడి సద్దుమణిగినది. ఆయుధచట్టము ఆ పితూరీకి కారణమని చెప్పుటకు ఆధారము చాలదు. కాని అప్పటి ముట్టడింపు వాతావరణమును అర్థముచేసికొనుటకు ఈ చట్టములను ప్రక్కన పెట్టి చదువవలెను.

ఇక 1922. అల్లూరి సీతారామరాజు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడి ఆయుధములు తీసికొనెను. మొత్తము 26 తుపాకులు, 2,500కు మించి తూటాలు చేజిక్కెనని చరిత్రకారులు వ్రాసినారు. సాహసమునకు ఇది గొప్ప సాక్ష్యము. బలమునకు ఎంతటి సాక్ష్యమో చూతము. 2,500 తూటాలను 26 తుపాకులకు పంచినచో ఒక్కొక్కదానికి 96 వచ్చును. 1924 మే 7న సీతారామరాజు హతుడగువఱకు ఇరువది నెలలు దాటి పోరు సాగెను. తుపాకి యొక్కింటికి నెలకు అయిదు తూటాలైనను పడలేదన్నమాట. తరువాతి ఘర్షణలలో మఱికొన్ని చేజిక్కినను ఈ లెక్క పెద్దగా మారదు. ఒక్క గడియ ఎదురుకాల్పులకు ఖర్చగు సరకుతో ఒక తుపాకి నెలలు గడుపవలసి యుండెను.

పోలీసు తూటా ఇత్తడి గొట్టము గలది. దానిలో మందు, గుండు, అడుగున నిప్పుబిళ్ల కలిసి యుండును. పేలిన తరువాత ఇత్తడి మిగులును. పట్టణపు వేటకాండ్రలో పొదుపరులు ఈ ఇత్తడి గొట్టములను దాచి, పాత బిళ్లను తీసి కొత్తది అమర్చి, మందును కొలిచి పోసి, అట్టబిళ్లలు పెట్టి, గుండును నొక్కి మఱల మఱల వాడుకొనిరి. కైనాక్ కంపెనీవారి ఇత్తడి గొట్టములు ఇందుకే పేరుపడినవి. కాని దీనికి కొత్త బిళ్లలు కావలెను, వాటిని నాటుటకు పనిముట్టు కావలెను. ఆ రెండును లైసెన్సు దుకాణములోనివి. సీసము, నాటుమందు ఎంత ఉన్నను పోలీసుతుపాకికి మన్యమున పునర్జన్మ లేదు. దీనికి భిన్నముగా, గొట్టము మూతినుండి నింపు నాటుతుపాకి బీదదైనను ఆకలి తీర్చుకొనగలది. వలలకు కట్టు సీసపు గుండ్లు కరగించినను దానికి ఆహారమగును.

కావున నా నిర్ణయమిది. ఠాణాలనుండి తెచ్చిన తుపాకులు మన్యవీరులకు తరుగు ధనము. ఖర్చయినదే గాని పెరుగునది కాదు. దామనపల్లి కనుమలో 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డు, హైటరు అను అధికారులు హతులైన ఘట్టము తూటాల సమృద్ధిని చూపదు, మాటుగాచి దగ్గఱనుండి ఒక్క దెబ్బకు కొట్టు నేర్పును చూపును. అది వేటకాని నేర్పు. కణుజు త్రావు నీటిచెలమకు గాలివాటు చూచి మాటుగాచినవానికి కనుమలో దళమునకు మాటువేయుట కొత్త విద్య కాదు. ఒక్క గుండు మాత్రమే గొట్టమున గలవాడు దానిని ఊరక వదలడు. మూతినుండి నింపు తుపాకి ఈ సంయమమును బలవంతముగా నేర్పును. నింపుటకు పట్టు కాలమున దుప్పి ఆగదు, శత్రువును ఆగడు. మలబారు ప్రత్యేక పోలీసులను, తరువాత అస్సాం రైఫిల్సును దించి సర్కారు సాగించిన పోరు తూటాల లెక్కలేని పోరు. మన్యమువారిది ప్రతి గుండును ఎంచి వాడిన పోరు. గాము గంటందొర మొదలగువారి పరాక్రమమును తుపాకుల సంఖ్యతో కొలుచుట వారికి న్యాయము చేయుట కాదు.

పొగరాని మందు వచ్చిన వెనుక చేతికూర్పు విద్యకు మఱియొక దెబ్బ తగిలినది. నీలగిరులలో అరువంకాడు కార్డైటు కర్మాగారము 1904 ప్రాంతమున పని మొదలిడెను. నల్లమందు కొలిచిన వ్రేళ్లతోనే ఈ కొత్తమందు కొలుచుట ప్రాణాంతకము. సమానమగు కొలతలో దాని బలము ఎన్నో రెట్లు. పాతగొట్టము దానిని తట్టుకొనలేదు. వ్రేళ్ల కొలత పోయి త్రాసు, గింజల తూకము వచ్చినవి. అడవిలో నేర్చిన నిదానము అచ్చువేసిన పట్టికలకు లొంగినది.

కోయల భూమిపండుగనాడు, విత్తుటకు ముందు, మగవారందఱు కలిసి అడవికి పోవుట ఆచారము. వట్టిచేతులతో తిరిగివచ్చినవానిని ఆడువారు ఎగతాళి చేయుదురు. ఆ వేట ఎండకాలమున జరుగును. విల్లునకు వర్షము అడ్డు గాదు గాని నాటుమందునకు ఎండకాలమే మేలు. 1941లో కొండరెడ్ల నడుమ పరిశీలన జరిపి 1945లో బైసన్ కొండల రెడ్లపై గ్రంథము వెలువరించిన ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వారి విల్లమ్ములను, పోడును విపులముగా వర్ణించెను. తుపాకిని గూర్చి మనకు కావలసిన వివరములకు ఆ గ్రంథము చాలదు. ఆయన చూపు అడవి వస్తువులపై నిలిచినది, అంగడినుండి ఎక్కివచ్చిన వస్తువులపై కాదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమైనది. పాపికొండలు 1978లో అభయారణ్యమై 2008లో జాతీయోద్యానమాయెను. దుప్పికి గుండు పోయు పని నేడు నేరము. అయినను మూతినుండి నింపు తుపాకి చట్టమునుండి తొలగిపోలేదు. 1959 ఆయుధచట్టమున పదుమూడవ విభాగము లైసెన్సు ఇయ్యదగిన సందర్భములను చెప్పుచు, పంటను కాచుకొనుటకై అట్టి తుపాకిని ప్రత్యేకముగా పేర్కొన్నది. అదే చట్టము మందుగుండు నిర్వచనములో, దాని తయారీకి వాడు పదార్థములలో కేంద్రప్రభుత్వము నిర్దేశించినవానినికూడ చేర్చినది.